చేతి గడియారం చెప్పిన కేలరీలు

పోయిన దీపావళికి మా అమ్మాయి తన ఆఫీసు బోనస్ డబ్బుల్లోంచి నాకో చేతి గడియారం కొనిచ్చింది. ఉత్త టైము చూపించే గడియారం కాదండోయ్! ఎన్ని అడుగులు వేశామో, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో, ఎన్ని కేలరీలు ఖర్చయ్యాయో అన్నీ చూపిస్తుంది. నడుస్తుంటే మధ్యలో చిన్నగా వణికి, "మీరిప్పుడు కొవ్వు కరిగే జోన్‌లో ఉన్నారు" అని చెబుతుంది కూడా. 46 ఏళ్ళు వచ్చాక మన మంచీ చెడ్డా ఇంత శ్రద్ధగా కనుక్కునేవాళ్ళు ఇంట్లో ఇంకెవరున్నారు చెప్పండి! మావారైతే నేను జుట్టు కత్తిరించుకున్న సంగతి వారం తరవాత గానీ గమనించలేదు.

దాంతో ఆ గడియారాన్ని గుడ్డిగా నమ్మేశాను. కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌లో రోజూ ముప్పావు గంట నడిచేదాన్ని. అది 290 కేలరీలు అని చూపించేది. అబ్బో అని మురిసిపోయి, ఇంటికొచ్చి జీడిపప్పు వేసిన ఉప్మా ఇంకో గరిటె ఎక్కువే పెట్టుకునేదాన్ని. సాయంత్రం టీతోపాటు ఓ మైసూరుపాకు ముక్క. పొద్దున్న కరిగించేశానుగా అని ధీమా! మూడు నెలలు తిరిగేసరికి 68 కిలోలున్న దాన్ని కాస్తా 69న్నర అయ్యాను.

అక్కడితో ఆగి ఉంటే ఈ వారం దీని గురించి రాసేదాన్ని కాదేమో. బరువు పెరగడం మనకి కొత్తా? కానీ నా సగం తెలివితో మా వదినగారిని కూడా ఇందులోకి దింపాను. ఆవిడకి జరిగింది చూశాకే ఈ జోన్ల సంగతేమిటో కూర్చుని నేర్చుకున్నాను. ఆవిడ సంగతి తరవాత చెబుతాను. ముందు అసలీ జోన్లంటే ఏమిటో చూద్దాం.

మావైపు ఈ గడియారాలు ఎంత మామూలైపోయాయంటే, పొద్దున్న ఆరింటికి గార్డెన్ గేటు దగ్గర నిలబడితే మణికట్టు ఖాళీగా ఉన్నవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన రోజుల్లో ఈ మాదాపూర్, కొండాపూర్ అంతా బండరాళ్ళూ తుప్పలూనట. ఇప్పుడు ఎటు చూసినా అద్దాల మేడలే. పగలంతా కుర్చీలో కూర్చునే పిల్లలూ, వాళ్ళకి వండిపెట్టే మనమూ! 2025లో మన హైదరాబాదు విశ్వవిద్యాలయం వాళ్ళూ, ఏఐజీ హాస్పిటల్స్ డాక్టర్లూ కలిసి ఇక్కడి ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో నూటికి 84 మందికి కాలేయంలో కొవ్వు పేరుకుని ఉంది. నూటికి 71 మందికి ఊబకాయం. ఆ వార్త చదివిన రోజు మా అమ్మాయి ప్లేటులో అన్నం వైపు చూస్తూ ఉండిపోయాను. వాళ్ళు బజారులో తినేది మన చేతిలో లేకపోయినా, ఇంట్లో పోపు గిన్నె మన చేతిలోదేగా!

సరే, జోన్ల సంగతి. ఒక మనిషి గుండె ఎంత పరుగెత్తినా ఇంతకంటే వేగంగా కొట్టుకోలేదు అనే ఓ హద్దు ఉంటుంది. 220 లోంచి మన వయసు తీసేస్తే ఆ హద్దు వస్తుందని ఓ లెక్క. నాకు 46 కాబట్టి 220 లోంచి 46 పోతే 174. అందులో సగం నుంచి 60 శాతం దాకా మొదటి జోన్, అంటే నాకు 87 నుంచి 104. ఇంట్లో అటూ ఇటూ తిరిగే వేగం. 104 నుంచి 122 దాకా రెండో జోన్. దీనికే "కొవ్వు కరిగే జోన్" అని పేరు పెట్టారు. ఆపైన 139 దాకా మూడోది, 157 దాకా నాలుగోది, ఇంకా పైన అయిదోది. ఆ అయిదోదాని జోలికి మనం పోనక్కరలేదు, అది పరుగు పందాల వాళ్ళకి. గడియారాల కంపెనీలు ఒక్కోటి ఒక్కో పేరు పెడతాయి, అంకెలు కూడా కాస్త అటూ ఇటూ చేస్తాయి గానీ లెక్క ఇంచుమించు ఇదే.

ఇవన్నీ మనకోసం పుట్టినవి కాదు లెండి. నాడి వేగాన్ని బట్టి వ్యాయామం జోరు లెక్కకట్టే పద్ధతి ఒకటి 1957లో ఫిన్లాండ్ దేశస్థుడు కార్వొనెన్ చెప్పాడు. ఆ దేశం వాళ్ళే 1982లో ఛాతీకి పట్టీ కట్టుకుంటే చేతి గడియారంలో గుండె వేగం కనబడే యంత్రం అమ్మకానికి తెచ్చారు. మంచుమీద కర్రలు పట్టుకుని జారుతూ పోయే ఆటగాళ్ళ తర్ఫీదు కోసం మొదలైన ఆలోచన అది. ఇప్పుడు మన గాజుల పక్కన చేరింది!

ఇక ఆ 220 అనే అంకె. అదేదో పెద్ద పరిశోధన చేసి తేల్చినదనుకున్నాను. కాదట! 1971 ప్రాంతంలో అమెరికాలో ఫాక్స్, హాస్కెల్ అనే పరిశోధకులు, అంతకుముందు వేరేవాళ్ళు చేసిన కొన్ని పరీక్షల అంకెలన్నీ ఓ కాగితం మీద పెట్టి, మధ్యలోంచి సుమారుగా ఓ గీత గీస్తే వచ్చిన లెక్క అది. ఒకే వయసు వాళ్ళలో కూడా 10, 12 అటూ ఇటూ ఉండటం మామూలే. పైగా ఆడవాళ్ళ సంగతి వేరు. షికాగో ప్రాంతంలో 5 వేలమందికి పైగా స్త్రీలని పరీక్షించి, మార్తా గులాటి అనే గుండె డాక్టరు 2010లో వేరే లెక్క చెప్పారు. వయసుని 0.88తో గుణించి 206 లోంచి తీసేయాలి. అలా చేస్తే నా హద్దు 174 కాదు, 165 లేదా 166! నా జోన్లన్నీ ఒక మెట్టు కిందికి దిగాయన్నమాట. అంటే ఆ గడియారం గీసిన గీతలు మన ఇంటి గుమ్మంలా కదలనివి కావు, ముగ్గు గీతల్లాంటివి.

అసలు కిటుకు ఆ "కొవ్వు కరిగే జోన్" అనే పేరులో ఉంది. నాలాగే మీలో చాలామంది, "ఆ జోన్‌లో ఉంటేనే కొవ్వు కరుగుతుంది, దాటి వేగంగా నడిస్తే కరగదు" అనుకుంటూ ఉంటారు. మా గార్డెన్‌లో ఒకావిడైతే గుండె 122 దాటగానే ఆగిపోయి, చెట్టు కింద నిలబడి, అంకె దిగాక మళ్ళీ నడిచేది! నేనూ ఆవిడని చూసి కొన్నాళ్ళు అలాగే చేశాను.

ఇది చీటీ లెక్కతో చెబితే సులువుగా అర్థమవుతుంది. ఒకావిడ నెలకి 10 వేలు సంపాదించి అందులో సగం, అంటే 5 వేలు చీటీ కడుతోంది. ఇంకొకావిడ 15 వేలు సంపాదించి అందులో నూటికి 40 వంతున 6 వేలు కడుతోంది. వంతు చూస్తే మొదటావిడదే ఎక్కువ. చేతికొచ్చేది మాత్రం రెండో ఆవిడకే ఎక్కువ. మన ఒళ్ళు కూడా అంతే. మెల్లగా నడిచినప్పుడు ఖర్చయ్యే కేలరీల్లో కొవ్వు వంతు ఎక్కువ. వేగం పెరిగేకొద్దీ చక్కెర వంతు పెరిగి కొవ్వు వంతు తగ్గుతుంది. కానీ మొత్తం ఖర్చే పెద్దదవుతుంది.

నా బరువుకి లెక్కేసి చూపిస్తాను. 68 కిలోల మనిషి గంటకి 4 కిలోమీటర్ల వేగంతో ముప్పావు గంట నడిస్తే సుమారు 150 కేలరీలు. అదే గంటకి 5న్నర కిలోమీటర్ల వేగంతో నడిస్తే సుమారు 220. మెల్లటి నడకలో నూటికి 60 వంతులు కొవ్వు నుంచి వచ్చిందనుకుందాం, 90 కేలరీలు. వేగం నడకలో సగమే వచ్చిందనుకుందాం, అయినా 110! వంతులు మనిషికో తీరుగా మారతాయి, నేను ఉదాహరణకి చెబుతున్నానంతే. మరీ దమ్ము తీసుకోలేనంత పరుగు పెడితే కొవ్వు వాడకం బాగా పడిపోయే మాట నిజమేగానీ, మనం అంతదాకా వెళ్ళేదెక్కడ!

ఇంకో సంగతి. నడిచే ఆ ముప్పావు గంటలో కరిగింది కొవ్వా చక్కెరా అని తలబద్దలు కొట్టుకోనక్కరలేదు. నడకలో చక్కెర ఎక్కువ వాడితే, ఆ తరవాత మిగతా పూటంతా ఒళ్ళు కొవ్వుని కాస్త ఎక్కువ వాడుకుంటుంది. రోజు మొత్తం మీద తిన్నదెంత, ఖర్చయిందెంత అన్నదే చివరికి తేలే లెక్క. ఇంటి పద్దు కూడా మనం నెలాఖరునే కదా చూసుకునేది!

నా 290 ఎక్కణ్ణుంచి వచ్చినట్టు మరి? గడియారం అడుగులూ, గుండె వేగమూ, వయసూ, బరువూ చూసి ఓ అంచనా కడుతుంది. 2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇలాంటి ఏడు రకాల గడియారాల్ని పరీక్షించారు. గుండె వేగం చాలామటుకు బాగానే చెప్పాయి. కేలరీల దగ్గరికొచ్చేసరికి అన్నిట్లోకీ మెరుగ్గా ఉన్నదే సగటున 27 శాతం తప్పింది! అంటే వందరూపాయల సరుకుకి 127 వేసే కొట్టన్నమాట. పైగా ఆ 290లో, నడవకుండా సోఫాలో కూర్చున్నా ఎలాగూ ఖర్చయ్యే కేలరీలు కూడా కలిపేస్తాయి చాలా గడియారాలు. నా బరువుకి ముప్పావు గంటకి అవే ఓ 50 ఉంటాయి. అవి తీసేస్తే, జోరుగా నడిచినా నడక వల్ల అదనంగా వచ్చింది 170. నేను తిన్న అదనపు ఉప్మా, మైసూరుపాకు లెక్క మీరే వేసుకోండి. ఒక్క పెద్ద చెంచా నూనె 120 కేలరీలు!

గుండె వేగానికీ కేలరీలకీ ముడి ఎక్కడుందో మా అమ్మాయి క్యాబ్ వల్ల తెలిసింది. ఓ రోజు సాయంత్రం ఇంటికొచ్చి, "అమ్మా చూడు, కారులో కూర్చునే అరగంట కొవ్వు కరిగించాను!" అని నవ్వుతూ గడియారం చూపించింది. చూస్తే నిజంగానే 30 నిమిషాలు రెండో జోన్‌లో ఉన్నట్టు ఉంది. ఏం జరిగిందంటే, బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. సరిగ్గా అప్పుడే పైఆఫీసరు ఫోను. పని ఎందుకు కాలేదని. టెన్షన్‌తో గుండె దడదడా 110 కొట్టుకుంది. కాళ్ళూ చేతులూ మాత్రం సీట్లోనే ఉన్నాయి!

కేలరీలు ఖర్చు చేసేవి కండరాలు. వాటికి ప్రాణవాయువు కావాలి. ఒక లీటరు ప్రాణవాయువు వాడుకుంటే సుమారు 5 కేలరీలు ఖర్చయినట్టు. ఆ ప్రాణవాయువుని రక్తంలో మోసుకెళ్ళడానికే గుండె వేగంగా కొట్టుకుంటుంది. నడిచేటప్పుడు గుండె వేగం చూసి కేలరీలు అంచనా వేయొచ్చనేది అందుకే. కానీ గుండెకి వేరే పనులు కూడా ఉంటాయిగా! కంగారు పడితే కొట్టుకుంటుంది, జ్వరమొస్తే కొట్టుకుంటుంది, నీళ్ళు తాగకపోతే కొట్టుకుంటుంది, కొందరికి గట్టి కాఫీ తాగినా కొట్టుకుంటుంది. మే నెలలో మన హైదరాబాదు ఎండలో అయితే, ఒంటి వేడి బయటికి పంపడానికి రక్తాన్ని చర్మం వైపు నెట్టాలి కాబట్టి, డిసెంబరులో నడిచిన అదే దారిలో అదే వేగంతో నడిచినా పది పదిహేను ఎక్కువ కొట్టుకుంటుంది. కండరాలు చేసిన పని దాదాపు అంతే. గడియారం మాత్రం ఎక్కువ కేలరీలు రాసిపెడుతుంది. చెమట ఎక్కువ పడితే కొవ్వు ఎక్కువ కరిగిందనుకోవడమూ ఇలాంటిదే. పోయింది నీళ్ళు, ఓ గ్లాసు మజ్జిగ తాగగానే మళ్ళీ వస్తాయి.

ఇప్పుడు వదినగారి సంగతి.

మావారి అక్కగారు. 54 ఏళ్ళు. కొడుకు అమెరికా వెళ్ళాక మియాపూర్ ఇల్లు అద్దెకిచ్చి మా అపార్ట్‌మెంట్‌లోకే వచ్చారు. పెద్దావిడే అయినా నాతో స్నేహితురాలిలా ఉంటారు. నా చేతికి గడియారం చూసి ఆవిడ కొడుకు కూడా ఒకటి పంపించాడు. ఇద్దరం కలిసి నడక మొదలుపెట్టాం. నాకు పదినిమిషాల్లో 110 దాటేది. ఆవిడకి ఎంత నడిచినా 88, మహా అయితే 92. మొదటి జోన్ దాటదు!

అప్పుడు నేనన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "మీరు మరీ పెళ్ళి నడక నడుస్తున్నారు వదినా, ఇలా అయితే ఏం కరుగుతుంది? కాస్త జోరు పెంచండి" అన్నాను. ఆవిడ మాట పడే రకం కాదు. "అంతేనంటావా అమ్మాయ్" అని, మర్నాటి నుంచి నాకంటే ముందు పోయేవారు. ఆయాసపడుతున్నారు, మాట పెగలడం లేదు, అయినా గడియారం వంక చూసి, "ఇంకా 94 ఏనే!" అని మళ్ళీ వేగం. వారం తిరక్కుండానే ఓ రోజు దాదాపు పరుగు పెట్టారు. మలుపు తిరిగాక నేను వెళ్ళి చూసేసరికి దారి పక్కన బండ మీద కూర్చుని ఉన్నారు. మొహం పాలిపోయింది. కళ్ళు తిరుగుతున్నాయి, ఒళ్ళంతా చల్లటి చెమట. ఆ స్థితిలో కూడా గడియారం చూపిస్తున్నది 98!

ఇద్దరు నడకకొచ్చిన పిల్లలు సాయంపట్టి గేటుదాకా తీసుకొచ్చారు. ఆటోలో కూర్చున్నాక నా చెయ్యి వదల్లేదావిడ. నాకు నోట మాట రాలేదు. ఈవిడకేమైనా అయితే మావారికేం చెప్పాలి, అమెరికాలో ఉన్న పిల్లవాడికేం చెప్పాలి...

డాక్టరుగారు ఈసీజీ తీసి, గండం ఏమీ లేదని చెప్పి, "ఏం మందులు వాడుతున్నారమ్మా?" అని అడిగారు. వదినగారు పర్సులోంచి బీపీ మాత్రల అట్ట తీసి ఇచ్చారు. దాన్ని చూడగానే ఆయన గడియారం వైపు చూసి తల పట్టుకున్నారు. అవి బీటా బ్లాకర్ల జాతి మాత్రలు. మెటోప్రొలాల్, అటెనొలాల్ అని మీరూ మీ ఇళ్ళల్లో పేర్లు చూసే ఉంటారు. బీపీకీ, గుండె జబ్బులకీ, కొందరికి పార్శ్వపు నొప్పి రాకుండానూ ఇస్తారు. వాటి పనే గుండెని తొందరపడకుండా పట్టి ఉంచడం! "మీరు శక్తికి మించి పరుగెత్తినా ఈ మాత్ర మీ గుండెని 120కి పోనివ్వదు. గడియారానికి ఆ సంగతి తెలియదు. మీరు బద్ధకంగా ఉన్నారనుకుంటుంది" అన్నారాయన. నేను తల వంచుకున్నాను. గడియారానికి తెలియకపోవచ్చు, రోజూ ఆవిడతో కూర్చుని కాఫీ తాగే నాకు తెలియొద్దూ!

అయితే ఇది చదివి ఎవరూ, "నడకకి అడ్డొస్తోంది" అని ఆ మాత్రలు మానేయకండి. హఠాత్తుగా మానేస్తే గుండెకి చాలా ప్రమాదమని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. నడక ఎంత వేగంగా ఉండాలో మీ మందులు రాసే డాక్టరునే అడగండి. నడుస్తుంటే ఛాతీలో పట్టేసినట్టున్నా, నొప్పి చేతికో దవడకో పాకినా, ఏ జోన్‌లో ఉన్నామో చూడకుండా ఆగిపోయి నేరుగా ఆస్పత్రికి వెళ్ళాలి.

మరి అంకె లేకుండా ఎంత జోరుగా నడవాలో ఎలా తెలుస్తుంది? దానికి డాక్టరుగారు చెప్పిన పద్ధతికి పైసా ఖర్చు లేదు. నడుస్తూ పాట పాడగలుగుతున్నామంటే ఇంకా మెల్లగా ఉన్నట్టు. పాట పాడలేం గానీ పక్కవాళ్ళతో మాట్లాడగలుగుతున్నామంటే సరైన జోరు. రెండు మూడు మాటలకే ఆగి దమ్ము తీసుకోవాల్సి వస్తే ఎక్కువ జోరు, అది అలవాటైన వాళ్ళకే. మాత్రలు వేసుకున్నా, 220 లెక్క మనకి సరిపోకపోయినా, ఎండాకాలమైనా ఈ పద్ధతి పనికొస్తుంది. ఆ మధ్యరకం జోరులో వారానికి 150 నుంచి 300 నిమిషాలు నడవమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రోజుకి ముప్పావు గంట చొప్పున అయిదు రోజులైతే 225 నిమిషాలు, మధ్యలో ఉన్నాం.

నాడి కూడా చూసుకోవడం నేర్చుకోండి, మంచిదే. బొటనవేలి కింద మణికట్టు మీద చూపుడువేలు, మధ్యవేలు ఆనించి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించాలి. బొటనవేలితో చూడకూడదు, దాని నాడే మనకి తగిలి లెక్క తప్పుతుంది. నడక ఆపిన వెంటనే చూడాలి, ఆలస్యమైతే వేగం చకచకా దిగిపోతుంది. గడియారమే వాడేవాళ్ళు దాన్ని మణికట్టు ఎముకకి కాస్త పైన, బిగుతుగా పెట్టుకోండి. లోపలినుంచి పచ్చ వెలుగు చర్మం మీద పడి రక్తం కదలికని చూస్తుందట. గాజులు తోసి వదులైతే ఏదో ఒక అంకె వేసేస్తుంది.

నాకు సరదాకి ఇంట్లో పనులకి కూడా నాడి చూసుకున్నాను. నిలబడి చపాతీలు ఒత్తుతుంటే 86. వంగి ఇల్లు తుడుస్తుంటే 104. మంచినీళ్ళ క్యాను మోసుకుని రెండంతస్తులు ఎక్కితే 128! "ఇంటిపనే వ్యాయామం" అని మనం అంటే మగవాళ్ళు నవ్వుతారు గానీ, అందులో కొంత నిజముందన్నమాట. కాకపోతే మిక్సీ, వాషింగ్ మెషిన్ వచ్చాక ఆ పనులు పది నిమిషాలకి మించి ఒక్క బిగిన సాగవు. మా అమ్మమ్మ రుబ్బురోలు ముందు కూర్చుంటే గంటసేపు లేచేది కాదు. రుబ్బురోలు తిరిగి తెచ్చుకోమని నేను చెప్పను, నా మోకాళ్ళే ఒప్పుకోవు!

ఇంకో చిత్రం. నాలుగు నెలలు వదలకుండా నడిచాక, పొద్దున్న మంచం దిగకముందు నా నాడి 80 నుంచి 72కి వచ్చింది. అదే దారిలో అదే వేగంతో నడిస్తే 118 కొట్టుకునేది ఇప్పుడు 106. గడియారం కేలరీలు తగ్గించి చూపిస్తోంది! మొదట దిగాలు పడ్డాను, ఇంత నడిచి ఇంత తక్కువేమిటా అని. తీరా చూస్తే గుండె గట్టిపడి ఒక్కో కొట్టుకి ఎక్కువ రక్తం పంపుతోంది, అంతే. అదే బరువు, అదే దారి, అదే వేగమైతే ఖర్చయ్యేది దాదాపు అంతే. ఇప్పుడు ఎత్తుగా ఉన్న దారి వైపు రెండుసార్లు ఎక్కి దిగుతున్నాను, లేకపోతే ఊరికే పాటలు పాడుకుంటూ నడిచేసేలా ఉన్నాను.

బరువు సంగతా? ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు. రోజుకి అదనంగా ఖర్చయ్యే 170 చొప్పున, తిండి ఏమాత్రం పెంచకపోతే, దాదాపు నెలన్నర! కరిగేకొద్దీ ఒళ్ళు కూడా పొదుపు నేర్చుకుంటుంది కాబట్టి నిజానికి ఇంకాస్త ఎక్కువే పడుతుంది. అందుకే నడకతోపాటు మా ఇంట్లో నూనె డబ్బా మీద గుర్తు పెట్టాను. నెలకి నలుగురికి అయిదు కిలోలు పట్టేది ఇప్పుడు మూడున్నరతో సరిపోతోంది. ఉప్మాలో జీడిపప్పు పోయి బఠాణీలూ క్యారెట్టూ వచ్చాయి. మావారు మొదటి వారం అలిగారు, రెండోవారం మర్చిపోయారు. నేను ఇప్పుడు 66 దగ్గర ఉన్నాను. మైసూరుపాకు మానలేదు, పండక్కే చేస్తున్నాను.

వదినగారు రెండు వారాలు విశ్రాంతి తీసుకుని, డాక్టరు సరేనన్నాక మళ్ళీ వస్తున్నారు. గడియారం మనవడి బొమ్మల పెట్టెలో పడేశారు. ఇప్పుడు మా కొలత వేరు. గేటు దగ్గర ఆవిడ ఏదో ఒక వంట చెప్పడం మొదలుపెడతారు. ఆగకుండా చెబుతూ ఉంటే, "ఇంకాస్త జోరు వదినా" అంటాను. ఎత్తు ఎక్కేచోట మాటకీ మాటకీ మధ్య దమ్ము తీసుకుంటే, నేనే నెమ్మదిస్తాను. నిన్న మాగాయ చెప్పారు. మామిడికాయ చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉప్పు కలిపి మూడు రోజులు ఊరబెట్టడం దాకా ఏకబిగిన వచ్చింది. ఊటలోంచి ముక్కలు పిండి ఎండబెట్టే దగ్గర ఎత్తు మొదలైంది. మెంతిపిండి ఎంత వెయ్యాలో ఇవాళ పొద్దున్న గానీ తెలియలేదు.